పడ్డవారు చెడ్డవారు కారు

‘పడ్డవారెప్పుడూ చెడ్డవారు కారు’ అని తెలుగులో ఒక సామెత. అందులో పడటమంటే నిందను ఓర్చుకోవడం. వయసు మళ్ళిన తల్లిదండ్రుల విషయంలో ఆ మాటకు రెండర్థాలూ ఒకేసారి వర్తిస్తాయి. స్నానాలగదిలో కాలుజారి పడినవారే, ‘చూసుకుని నడవొద్దూ?’ అన్న మాట కూడా పడతారు. మొదటి దెబ్బకు కట్టు కడతారు. రెండవదానికి కట్టేవారు లేరు కనుక ఆ పెద్దలే ఒక ఉపాయం కనిపెట్టుకుంటారు: మరొకసారి పడినప్పుడు ఎవరికీ చెప్పరు.

శస్త్రవైద్యుడు అతుల్ గవాండే 2014లో వెలువరించిన ‘బీయింగ్ మోర్టల్’ మరణాన్ని గురించిన గ్రంథంగా పేరు పొందింది. కానీ దాని తొలి అధ్యాయాలు మరణానికి చాలా ముందే మొదలయ్యే క్షీణతను గురించినవి. పడిపోవడానికి అక్కడ పెద్ద పీట వేశారు. అమెరికాలో ఏటా సుమారు 3.5 లక్షల మంది పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారనీ, వారిలో 40 శాతం మంది వృద్ధుల సంరక్షణాలయాలకు చేరుతారనీ, 20 శాతం మంది మళ్ళీ నడవలేరనీ ఆయన రాశారు. అందుకు చూపిన ప్రధాన కారణాలు మూడు: ఒంటికి తూకం నిలవకపోవడం, నాలుగుకు మించి మందులు వాడటం, కండరాల బలహీనత. అజాగ్రత్త ఈ మూడింటిలో లేదు.

పుస్తకంలో ఒక పరీక్షాఘట్టం వైద్యులందరూ చదవదగినది. 85 ఏళ్ళ స్త్రీ వృద్ధవైద్య నిపుణుని వద్దకు వస్తుంది. నడుమునొప్పి ఉంది. లోగడ పెద్దపేగు క్యాన్సరుకు చికిత్స జరిగింది, ఇప్పుడు ఊపిరితిత్తిలో ఒక గడ్డ కనిపించింది. ఏ వైద్యుని చూపైనా ఆ గడ్డ మీదికే పోతుంది. ఈ నిపుణుడు మాత్రం ఆమె పాదాలను పట్టి పట్టి చూశాడు. వాపు, కత్తిరించుకోలేక పెరిగిన గోళ్ళు, పుండ్లు. ఆమెకు అన్నిటికంటె దగ్గరలో ఉన్న ప్రమాదం పడిపోవడమేనని తేల్చి, పాదాల సంరక్షణకు ఏర్పాటు చేసి, మందులు సవరించి, తిండి పెంచమన్నాడు. ఏడాది కావస్తున్నా ఆమె ఒక్కసారి కూడా పడలేదు, తన ఇంట తానే బ్రతుకుతూ ఉంది.

పుస్తకం ఎక్కువగా చర్చించనిది సిగ్గు. 65 ఏళ్ళు దాటిన అమెరికన్లలో నలుగురిలో ఒకరికి పైగా ఏటా పడుతున్నారనీ, వారిలో సగం కంటె తక్కువ మందే ఆ సంగతి వైద్యునికి చెబుతున్నారనీ అక్కడి సీడీసీ సంస్థ చెబుతుంది. ఒకసారి పడినవారు మళ్ళీ పడే అవకాశం రెట్టింపని కూడా ఆ సంస్థే హెచ్చరిస్తుంది. సముద్రాల అవతల బిడ్డలున్న తెలుగు ఇళ్ళలో ఈ దాపరికం ఇంకా సులువు. వీడియో కాల్‌లో ముఖం మాత్రమే కనిపిస్తుంది. కమిలిన మోచేయి కొంగు చాటున ఉండిపోతుంది. ‘వాడు అక్కడ కంగారుపడతాడు’ అన్నది పైకి చెప్పే కారణం. ‘ఇక ఒంటరిగా ఉండనివ్వరు’ అన్నది లోపలి భయం. ఈ మౌనానికి చెల్లించే మూల్యం చిన్నది కాదు. రక్తాన్ని పలుచన చేసే మందులు వాడుతున్నవారికి తల చిన్నగా తగిలినా పుర్రెలోపల నెత్తురు నెమ్మదిగా చేరి, కొన్ని వారాల తరువాత మగతగా, తడబాటుగా బయటపడవచ్చు. పడిన సంగతే తెలియని ఇంట్లో దానిని ముసలితనపు మతిమరుపు అనుకుంటారు.

పడటానికి కారణాలు వెదికితే దొరుకుతాయి. రక్తపోటు మాత్ర వేసుకున్నవారు మంచం మీది నుంచి ఒక్క ఉదుటున లేస్తే కళ్ళు తిరుగుతాయి. నిద్రమాత్ర మత్తు తెల్లవారుజామున మూత్రానికి లేచేసరికి వదలదు. మధుమేహం పాదాల స్పర్శను హరిస్తుంది. కాలికింద తడి ఉన్నదీ లేనిదీ, నీళ్ళు కాలుతున్నదీ లేనిదీ తెలియదు. రెండు చూపుల కళ్ళద్దాలలో కింది భాగం దగ్గరి చూపుకోసం చేసినది కనుక దిగబోయే మెట్టు మసకగా కనిపిస్తుంది. ఊళ్ళో అయితే తడి టైల్స్, గడప, అరిగిన హవాయి చెప్పులు. అమెరికాకు వచ్చినవారికి స్నానపు తొట్టి అంచు, తివాచీ పరిచిన మెట్లు, వాకిట గడ్డకట్టిన మంచు. వీటిలో ఏ ఒక్కటీ ‘జాగ్రత్తమ్మా’ అన్న మాటతో తొలగిపోదు.

‘అయితే లేవకుండా కూర్చోబెడదాం’ అంటుంది ప్రేమ. మనిషి తనకు స్వేచ్ఛను, తనవారికి భద్రతను కోరుకుంటాడన్న పరిశీలన ఈ పుస్తకానికి ఆయువుపట్టు. కూర్చోబెట్టిన కాలు నెలల్లో సన్నబడుతుంది; సన్నబడిన కాలు మరింత త్వరగా తూలుతుంది. భద్రత పేరిట చేసిన పని ప్రమాదానికే దారి తీస్తుంది.

గవాండే తాతగారి ఉదంతం దీనికి సమాధానం. మహారాష్ట్ర పల్లెలో నూరేళ్ళు దాటిన ఆ రైతు రాత్రిపూట గుర్రమెక్కి పొలాలు చూసి రావలసిందే. కొడుకులు గుర్రాన్ని మాన్పించలేదు. ఇంకాస్త చిన్న గుర్రాన్ని తెచ్చి, పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండేలా చూశారు. చివరికి దాదాపు 110వ ఏట ఆయన బస్సు దిగుతూ పడి తలకు దెబ్బ తగిలి పోయారు. దానిని చూపి, కట్టడి చేసి ఉండవలసిందని వాదించవచ్చు. కానీ కట్టడి చేసి ఉంటే అన్నేళ్ళపాటు ఆయన పొలం చూసుకోగలిగేవారా అన్నది కూడా లెక్కలోకి రావాలి.

చిన్న గుర్రం ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రూపంలో సాధ్యమే. స్నానాలగది గోడకు బలమైన పట్టుకడ్డీ, మంచానికీ మరుగుదొడ్డికీ మధ్య రాత్రి వెలిగే దీపం, మడమ పట్టి ఉండే చెప్పులు, ఏడాదికొకసారి వైద్యుని ముందు మందులన్నీ పరిచి ఏవి అక్కరలేదో అడగడం. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ముప్పు ఉన్నట్లే. ఆ పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. పెద్దవారు పడ్డామని చెప్పినప్పుడు అడగవలసినది ‘ఎందుకు చూసుకోలేదు?’ అని కాదు. ‘లేవగానే కళ్ళు తిరిగాయా? తల తగిలిందా? అప్పుడు కాలికి ఏ చెప్పులున్నాయి?’ అని. అలా అడిగే ఇంట్లో మరుసటిసారి కూడా చెబుతారు.