స్టాక్ బండి చేసిన తప్పేమిటి?

"బాబాయ్, ఇంకా స్టాక్‌లోనే తిప్పుతున్నావా?"

సూర్యలంక రోడ్డులో టీ బంకు దగ్గర నా బండి వంక జాలిగా చూసి ఓ కుర్రాడు వేసిన ప్రశ్న. స్టాక్ అంటే కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే, ఏమీ మార్చకుండా. జవాబు కోసం ఆగలేదు, చెవులు చిల్లులు పడేలా ఒకసారి రెయిజ్ చేసి వెళ్ళిపోయాడు. వాడి బండికి ముందు ఇనుప గొట్టాల పంజరం, దాని మీద నాలుగు లైట్లు, వెనక రెండు రేకు పెట్టెలు, పక్కన ఏనాడూ పెట్రోలు మొహం చూడని డబ్బా. చైను మాత్రం ఎర్రగా తుప్పుపట్టి, స్వింగార్మును తాటిస్తూ వేలాడుతోంది.

వాడొక్కడి పైత్యమైతే వదిలేద్దును. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఎక్కడ చూసినా ఇదే వరస. ఎక్స్‌పల్సో హిమాలయనో కొన్నవాడికి తాళం చేతిలో పడకముందే ఉపదేశం మొదలు: "ముందు సెటప్ చేయించు." కంపెనీవాళ్ళు సగం బండే చేసి అమ్మినట్టు, మిగతా సగం యాక్సెసరీస్ కొట్లో వేలాడుతున్నట్టు! లక్షన్నర పెట్టి కొన్న బండికి యాభైవేల సామాను తగిలించి, ఆరునెలల తరవాత "ఈ మోడలే దండగ బాబాయ్, బేరింగులు పోతున్నాయి" అంటారు. పోవా మరి?

అసలు ఈ తరహా బండి మనకు తేలిగ్గా రాలేదు. 2011లో హీరోవాళ్ళు 150 సీసీ ఇంపల్స్ తెస్తే ఎత్తుగా ఉందనీ, పికప్ లేదనీ వంకలు పెట్టి దాన్ని మూలన పడేశారు. 2016లో హిమాలయన్, 2019లో ఎక్స్‌పల్స్ 200 వచ్చాకే సామాన్యుడి చేతికి మట్టిబండి అందింది. ఎక్స్‌పల్స్‌కు ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18, రెండూ స్పోకులవి, నేలకు 220 మిల్లీమీటర్ల ఎత్తు. కంపెనీ మీద నాకు ప్రేమేమీ లేదు. కానీ బురదను దృష్టిలో పెట్టుకుని కొలతలు వేసిన బండి అది. దాన్ని విప్పి, బురదలో కాలు పెట్టని కొట్టువాడు దిద్దుతాడు!

మడ్‌గార్డు సంగతే చూడండి. ముందు చక్రానికి జానెడు పైన, గాల్లో నిలబడినట్టుంటుంది. మనవాళ్ళకు అది అందవికారం. పైగా చిందిన బురదంతా మొహాన కొడుతుందని, చక్రాన్ని కరుచుకుని ఉండేలా కింద ఇంకో రేకు బిగిస్తున్నారు. అయ్యా, మనది నల్లరేగడి. ఒక్క వాన పడ్డాక రేపల్లె వైపు ఏ డ్రెయిన్ కట్ట మీదికైనా బండెక్కించండి. నాలుగు చుట్లకే చక్రం రొట్టెలా లావెక్కుతుంది. ఆ మట్టి ఎక్కడో ఒకచోట రాలిపోవాలి, దానికి చోటు కావాలి. ఆ చోటు కోసమే మడ్‌గార్డును అంత పైన పెట్టారు. మీరు కింద బిగించిన రేకుకూ టైరుకూ మధ్య రేగడి కూరుకుపోయి చక్రం బిగుసుకుంటుంది. అప్పుడు కట్ట మీద గొంతుక్కూర్చుని పుల్లపెట్టి గీకుతూ, "ఈ బండి ఆఫ్‌రోడ్డుకు పనికిరాదు" అని తీర్పు! ఈ డెల్టాకు అచ్చంగా సరిపోయిన ఒకే ఒక్క భాగాన్ని సిగ్గుపడి దాచేసుకోవడం మన తెలివి.

ఇక సైలెన్సర్. ఇది తలుచుకుంటేనే నాకు రక్తం మరుగుతుంది. అర్ధరాత్రి తెనాలి కాలవగట్టు వెంట ఒక్కడు వెళ్తే రెండు గట్ల మీదా పసిపిల్లలు లేస్తారు. "పవర్ పెరుగుతుంది" అంటారు. ఎంత పెరిగిందో కొలిచినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చినవన్నీ బీఎస్-6 బండ్లు. పెట్రోలు ఎంత కొట్టాలో లెక్క ముందే కంప్యూటరుకు నూరిపోసి ఉంటుంది. పొగగొట్టం దగ్గర ఆక్సిజన్ సెన్సర్ మామూలు నడకలో ఆ లెక్కను కొంత సర్దుతుంది గానీ, పూర్తి యాక్సిలరేటర్ మీద పాత లెక్కే. గొట్టం ఖాళీ చేసి, ఫిల్టరూ మార్చేస్తే గాలి ఎక్కువై పెట్రోలు చాలదు. ఇంజను కాగుతుంది, వదలగానే టపటపమని పేలుతుంది. ఆ పేలుడే వీళ్ళకు సంగీతం! కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతూనే ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే మాట గట్టిగా చెప్పింది. నగరాల్లో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించే ఫొటోలు పేపర్లో వచ్చినప్పుడల్లా నేను కత్తిరించి దాచుకుంటాను. తప్పేం కాదు.

లైట్లా? 55 వాట్లవి రెండు పెడితే 110 వాట్లు, 12 వోల్టుల మీద తొమ్మిది ఆంపియర్లకు పైన. చిన్న సింగిల్ సిలిండర్ బండి కాయిల్ ఎంతని పుట్టిస్తుంది? రిలే లేకుండా హెడ్‌లైటు వైరు కోసి, టేపు చుట్టి కలుపుతారు. సముద్రపు గాలికి ఆ అతుకు పచ్చగా చిలుము పడుతుంది. ఓ సాయంత్రం నిజాంపట్నం దారిలో బండి చప్పున ఆగుతుంది. ఆగగానే అనేమాట "సెన్సర్ పోయింది". సెన్సర్ పోలేదు నాయనా, నీ టేపు పోయింది.

ట్యూబ్‌లెస్ గోల గురించి ఒక్క ముక్క చాలు. స్పోకు చక్రానికి లోపల జిగురు పూసి గాలి ఆపుతారట. సర్కారు తుమ్మ ముల్లు దిగితే ట్యూబుకు ప్యాచీ వేసేవాడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాడు, ఆ జిగురు ఊడితే అతికేవాడు ఏ ఊళ్ళో ఉన్నాడు?

పెట్టెల మీద "డకార్" ర్యాలీ స్టిక్కర్లు ఒకటి. 2015లో ఆ ర్యాలీ పూర్తిచేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్. ఆ పందెంలో బండ్లకు రోజు పరుగు ముగిశాక రాత్రి కూర్చుని ఫిల్టర్లు మారుస్తారు, నట్టు నట్టూ బిగిస్తారు. మనవాళ్ళు అక్కణ్ణుంచి తెచ్చుకున్నది స్టిక్కరు.

నన్నడిగితే ఈ డెల్టాలో అసలైన మట్టిబండి టీవీఎస్ ఎక్సెల్. నవ్వకండి. 1980లో టీవీఎస్ 50గా మొదలైన వంశం, ఇప్పుడు 99.7 సీసీ. ముందు ఒక మేత బస్తా, వెనక రెండు వేసుకుని, మూరెడు వెడల్పు రొయ్యల చెరువు గట్టు మీద దాన్ని నడిపే మనిషి ఏ కొట్లోనూ సెటప్ చేయించలేదు. ఉప్పునీళ్ళలో తిరిగొచ్చాక సాయంత్రం బోరు కింద నాలుగు బకెట్లు పోసి కడుగుతాడు, చైనుకు ఆయిలు చుక్క వేస్తాడు. వాడికి తెలిసిన ఆ రెండు పనులూ పెట్టెల బండివాడికి తెలియవు. ఈ పెట్టెలవాడు బండిని వాటర్ సర్వీసింగుకు తీసుకెళ్ళి, చక్రం బేరింగుల మీదా హ్యాండిల్ కోన్ సెట్ మీదా తుపాకీ గురిపెట్టినట్టు ప్రెషర్ కొట్టిస్తాడు. లోపలి గ్రీజు కడుక్కుపోతుంది, ఉప్పునీరు చేరుతుంది, మూణ్ణెల్లకు గరగర.

2024 సెప్టెంబరు వరద గుర్తుందిగా? ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, కొల్లూరు లంకలు మునిగాయి. నీళ్ళు తీశాక ఎంతోమంది మొట్టమొదట చేసిన పని మునిగిన బండి సెల్ఫ్ నొక్కడం. సిలిండర్లో నీరుంటే అది గాలిలా నలగదు, వంగేది కనెక్టింగ్ రాడ్డే. ప్లగ్గు విప్పి, నీరు బయటకు కొట్టించి, మజ్జిగలా మారిన ఆయిలు పారబోసి కొత్తది పోసుంటే చాలా ఇంజన్లు బతికేవి. ప్లగ్గు పానా ఎంతమంది దగ్గరుంది? యాభైవేల సెటప్‌లో అది ఉండదు, మెరవదు కదా!

మన తెనాలి సూర్యశిల్పశాలవాళ్ళు పాత ఇనుప సామానుతో, గేర్లూ చైన్లతో నిలువెత్తు విగ్రహాలు చేసి దేశదేశాలు పంపిస్తున్నారు. ఈ పంజరాలూ పెట్టెలూ నేరుగా వాళ్ళకే అప్పజెబితే మధ్యలో బండి అయినా బాగుపడుతుంది.

"మరి అసలు ఏ మార్పూ చేయకూడదా?" అని నిలదీస్తారు. నేనలా అన్నానా? చేతులకు గార్డులు పెట్టుకోండి, ఇంజను కింద మంచి రేకు వేసుకోండి, ఇసుకలో తిరిగేవాడు ముందు స్ప్రాకెట్ 13 పళ్ళదైతే 12 వేసుకోవచ్చు, లాగుడు ఎనిమిది శాతం పెరుగుతుంది. కానీ టాపెట్లు చూడటం, ఫిల్టరు దులపడం, హిమాలయన్ వెనక లింకేజీకి గ్రీజు పెట్టడం, స్పోకుల్ని పుల్లతో మీటి వదులువి పట్టుకోవడం, ఇవి వచ్చాక. వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉన్న బాపట్లలో ఆదివారం పూట పదిమంది కుర్రాళ్ళకు ఈ పని నేర్పే షెడ్డు ఒకటి లేకపోవడం విడ్డూరం. ఎవరు పెట్టాలి, అద్దె ఎవరివ్వాలి అంటారా? అది తరవాత కూర్చుని మాట్లాడుకుందాం. వానలు దగ్గరపడ్డాయి. ముందు ఆ కింది మడ్‌గార్డు విప్పి పక్కన పెట్టండి.