సర్దుకుపోవడం ఆడపిల్ల వంతేనా?

ధవళేశ్వరం ఆనకట్ట కింద మన పేటల్లో కొత్త జంటకి గొడవొస్తే పెద్దలు పిల్లనే పిలుస్తారు. ‘సర్దుకుపోవమ్మా, మొగుడన్నాక ఓ మాటంటాడు’ అంటారు. పిల్లాణ్ణి మాత్రం ఎవరూ పిలవరు. ఇదేం న్యాయమని మేం అడుగుతున్నాం.

గొడవ ఎక్కడ పుడుతోంది? ఊడ్పుల్లో అతను నారు మోస్తే ఆమె నాటుతుంది. ఆమెకి కూలి తక్కువ. పొద్దుగూకి ఇంటికొచ్చాక అతను అరుగెక్కుతాడు, ఆమె పొయ్యి ముట్టిస్తుంది. అతని కూలిలో సగం మందుకొట్టుకి పోతుంది. అడిగితే ‘దానికి నోరెక్కువ’ అంటారు!

ధవళేశ్వరం బడిలో పనిచేసిన వీరేశలింగం పంతులు 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించారు. మన కులాల్లో మారుమనువు అప్పటికే ఉంది. మనకి లేనిది కాపురంలో సమానత్వం. పెళ్లయిన ప్రతి ఆడపిల్లా భర్తకు స్నేహితురాలిగా, సమానంగా నిలబడాలనీ, బానిసగా ఉండననాలనీ బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 జులైలో నాగపూర్ దళిత మహిళల సభలో చెప్పారు.

కొత్త దంపతులారా! ఇద్దరి కూలీ ఒకచోట పెట్టి, ఖర్చు కలిసి తేల్చుకోండి. నీళ్లూ వంటా పంచుకోండి. కోపమొస్తే ఆ రాత్రికి ఆగి, తెల్లారి మాట్లాడుకోండి. కానీ అతను చెయ్యి చేసుకుంటే అది గొడవ కాదు, హింస. 2005 గృహహింస చట్టం ఆమెకి రక్షణా, ఆ ఇంట్లోనే ఉండే హక్కూ ఇచ్చింది.

సంఘం పెద్దలారా! పంచాయితీలో ముందు ఆ పిల్లని కూర్చోబెట్టి వినండి. ఊళ్లో సమానత్వం అడిగే నోరు ఇంట్లో ‘నోర్ముయ్’ అంటే మన పోరాటానికి అర్థమేముంది?