కెమెరాలో ఎవరి సంస్కృతి కనిపించాలి?

పాఠ్యపుస్తకంలోని చార్మినార్ బొమ్మకు ఎదురుగా ఫోన్ కెమెరా పెడితే తెరపై ఆ కట్టడం పేజీ మీది నుంచి లేచి నిలబడినట్లు కనిపిస్తుంది. పుస్తకాన్ని తిప్పితే నాలుగు మినార్లనూ నాలుగు వైపుల నుంచి చూడవచ్చు. ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటే ఇదే. కెమెరా అచ్చుబొమ్మను గుర్తుపట్టి, దానికోసం ముందే తయారు చేసి ఉంచిన రూపాన్ని తెరమీద చూపుతుంది. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఇప్పటికే ఉన్నాయి, కేంద్రం 2017లో ప్రారంభించిన దీక్షా వేదిక కూడా ఉంది. కనుక ప్రాథమిక పాఠశాలల్లో సంస్కృతిని ఈ పద్ధతిలో బోధించడం అసాధ్యమేమీ కాదు. ఆ ఆలోచనను మేము స్వాగతిస్తున్నాము. మా పట్టింపంతా 'ముందే తయారు చేసి ఉంచిన' అన్న మాట దగ్గరే. ఎవరు తయారు చేస్తారు? ఏది సంస్కృతి అని ఎవరు నిర్ణయిస్తారు?

మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని దూలపల్లినే తీసుకుందాం. అటవీ అకాడమీ, చుట్టుపక్కల పరిశ్రమలు, ఏటేటా పెరుగుతున్న కాలనీలు, బతుకుతెరువు కోసం దూరప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు ఉన్న శివారు అది. ఊరి పేరు దూలపల్లి, మండలం పేరు కుత్బుల్లాపూర్. ఒక తెలుగు పేరు, ఒక ముస్లిం పేరు పిల్లవాడి చిరునామాలో పక్కపక్కనే ఉన్నాయి. అవి అలా ఎందుకున్నాయో చెప్పగలిగితే అదే ఆ బడికి మొదటి సంస్కృతి పాఠం.

ఆ పాఠానికి సామగ్రి దగ్గరలోనే ఉంది. పొన్నగంటి తెలగనార్యుడు యయాతి చరిత్రను అచ్చతెనుగులో రాసి, పటాన్‌చెరులోని అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. తొలి అచ్చతెనుగు కావ్యంగా పేరుపొందిన ఆ గ్రంథానికి కృతిభర్త ఒక ముస్లిం! గోల్కొండను 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని ఆప్యాయంగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితం చేశాడు. ఈ సంగతులు డిగ్రీ విద్యార్థికి పరీక్ష ప్రశ్నలుగా ఎదురవుతాయి. మూడో తరగతి పిల్లకు కథగా ఎందుకు చెప్పరాదు?

మేము భయపడుతున్నది మరొకటి. కోటలు, గుమ్మటాలు తెరపైకి ఎక్కించడం సులభం, చూడముచ్చటగానూ ఉంటుంది. అక్కడితో ఆగితే ముస్లిం అంటే ఏనాడో పోయిన నవాబు, కాకుంటే పళ్లెంలో బిర్యానీ. దూది ఏకిన నూర్‌బాషాలు, దర్జీలు, మెకానిక్కులు, ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు మాట్లాడే మన తల్లులు ఏ కెమెరాకూ చిక్కరు. పక్క బెంచీలోని స్నేహితుడికి మన పిల్లవాడు చరిత్రగా కాదు, ఇరుగుపొరుగుగా కనిపించాలి.

పీర్ల పండుగ మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. తెలంగాణ పల్లెల్లో హిందువులు, ముస్లిములు కలిసి చేసుకునే ఈ పండుగను మనలోనే కొందరు ధర్మవిరుద్ధమంటారు. ఆ వాదం మన ఇంటిలోది, మనమే తేల్చుకుందాం. బడిలో మాత్రం దానిని ఆరాధనగా కాక ఊరి ఆచారంగా చూపితే చాలు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ఆ గీత అన్ని మతాలకూ ఒకటే. ప్రవక్తలను బొమ్మలుగా చూపే పాఠాలను మాత్రం మేము ఏ రూపంలోనూ అంగీకరించలేము.

భాష ప్రశ్న ఇంకా సూటిది. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించాలని 350ఎ అధికరణం నిర్దేశిస్తోంది. ఉర్దూ ఈ రాష్ట్రంలో రెండో అధికార భాష. తెలుగులో, ఆంగ్లంలో మాత్రమే మాట్లాడే తెరను కొత్తగా తెచ్చి దాన్ని సమానత్వమంటే ఎలా? ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ పొద్దున్నే తండ్రి వెంట పనికి పోతుంది. అందువల్ల పరికరం బడిలోనే ఉండాలి, ఇంటిపనిగా అప్పగించకూడదు. మైనారిటీ గురుకులాలు అయిదో తరగతి నుంచే మొదలవుతాయి కనుక చిన్నపిల్లల సంగతి మామూలు బడుల్లోనే తేలాలి.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. ఈ పాఠాలు ఏ బడికి వచ్చినా, ముందుగా ఆ తల్లులకు చూపించి, వారి అభ్యంతరాలను రాతపూర్వకంగా నమోదు చేసిన తరువాతే పిల్లల ముందు పెట్టాలని విద్యాశాఖను కోరుతున్నాము.