కేబుల్ చేరింది... గణిత బోధనకు ధీమా చేరాలి

చెన్నై నుంచి సముద్ర గర్భంలో దాదాపు 2,300 కిలోమీటర్ల పొడవున వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. సుమారు రూ.1,224 కోట్ల వ్యయంతో చేపట్టిన ఈ పథకం పోర్ట్ బ్లెయిర్‌తో పాటు కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్, లిటిల్ అండమాన్, రంగత్ తదితర ప్రాంతాలను కలిపింది. అంతవరకు ప్రధానంగా ఉపగ్రహాలపైనే ఆధారపడిన అండమాన్ నికోబార్ దీవులకు చిరకాలపు కొరత తీరింది. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది. ఇక తేలవలసింది, ఈ సౌకర్యం తరగతి గదికి ఎంతవరకు ఉపకరిస్తుందన్నదే.

కరోనా కారణంగా 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు అన్ని సబ్జెక్టుల ఉపాధ్యాయులూ ఇబ్బంది పడ్డారు. గణితం విషయంలో చిక్కు మరింత జటిలం. చరిత్ర పాఠాన్ని ఫోనులో చెప్పి ఒప్పించవచ్చు. సమీకరణ సాధనలో విద్యార్థి ఏ మెట్టు వద్ద తప్పాడో చూడనిదే దిద్దడం సాధ్యం కాదు.

శిక్షణకు కార్యక్రమాలు లేకపోలేదు. 2017లో దీక్షా వేదిక వెలసింది. 2019లో ఆరంభమైన నిష్ఠ శిక్షణ మరుసటి ఏడాది ఆన్‌లైన్‌కు మారింది. అయితే కోర్సు పూర్తి చేయడం వేరు, పిల్లల ఎదుట తడబడకుండా వాడగలగడం వేరు. స్వయంగా చేసి నెగ్గిన అనుభవమే ఆత్మవిశ్వాసానికి ముఖ్యమైన మూలమని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లోనే ప్రతిపాదించారు. 1984లో మొదలైన క్లాస్ పథకం కింద దేశంలోని పలు పాఠశాలలకు కంప్యూటర్లు చేరినా, అవి పాఠ్యబోధనలో కలిసిపోలేదు. ఆ అనుభవం పునరావృతం కాకూడదు.

మార్గం దుర్లభమేమీ కాదు. ఉచితంగా లభించే జియోజీబ్రాను ఒకసారి కంప్యూటర్‌లో చేర్చుకుంటే ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుంది. గుణకం విలువను పెంచితే పరావలయం ఎలా సన్నబడుతుందో విద్యార్థి కళ్ళారా చూడగలడు. ముందుగా సహోద్యోగుల నడుమ ఇటువంటి పాఠాన్ని నాలుగైదుసార్లు చెప్పి చూసిన ఉపాధ్యాయునికి బెరుకు తగ్గుతుంది.

భాషనూ విస్మరించరాదు. 2011 జనగణన ప్రకారం ఇక్కడి 3.80 లక్షల జనాభాలో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. బెంగాలీ, హిందీ, తమిళం మాట్లాడేవారి సంఖ్య అంతకంటె ఎక్కువ. తెరపై కనిపించే ఆంగ్ల పదాన్ని పిల్లల భాషలో వివరించగలగడం కూడా శిక్షణలో భాగం కావాలి.

ఓడ ప్రయాణాలు తప్పని దూరపు దీవుల ఉపాధ్యాయులను రాజధానికి రప్పించే బదులు, వారి పాఠశాలల వద్దనే సాధన జరిపించడం మేలు. అందుకు పనివేళల్లో సమయం కేటాయించాలి. అది జరిగితేనే కేబుల్‌పై వెచ్చించిన ధనానికి చదువుల్లోనూ ఫలం దక్కుతుంది.