పన్నెండింటికి ఆమె మా ఇంట్లో ఉంటుంది

బేగంపేటలో మా అపార్టుమెంటుకు పనికి వచ్చే అమ్మాయికి ఆరో నెల. పట్టాల పక్క బస్తీ నుంచి పొద్దున ఆరున్నరకల్లా వస్తుంది. ఒకింట్లో అంట్లు, ఒకింట్లో బట్టలు, ఆ తర్వాత మా ఇల్లు. మొన్న చీపురు పట్టుకుని గోడకు ఆనుకుంటే, కూర్చోబెట్టి ఏం తిన్నావని అడిగాను. "చాయ్ తాగిన అక్కా, రెండు బిస్కెట్లు తిన్న." అప్పటికి టైము పదకొండున్నర.

ఆమె సంచీలో ఐరన్ మాత్రల అట్ట ఉంది. పదింట్లో ఒక్కటే ఖాళీ. వేసుకుంటే కడుపులో తిప్పుతోందట. పరగడుపున చాయ్ మీద వేసుకుంటే తిప్పదా మరి? పైగా చాయ్‌లో ఉండే టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు.

"అంగన్‌వాడీలో అన్నం పెడతారు కదా?"

"పేరు రాయించిన. ఆళ్లు బువ్వ పెట్టే యాళ్లకు నేను మీ ఇంట్ల ఉంట కద అక్కా."

అప్పటి నుంచీ ఆ మాట నన్ను వదలడం లేదు.

అంగన్‌వాడీలో ఆ అన్నం పెట్టే ఆరోగ్యలక్ష్మి మంచి పథకం. 2015 జనవరి 1న మొదలైంది. గర్భిణులకు, బాలింతలకు అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. అక్కడే కూర్చుని తినాలన్న నియమం కూడా సబబే. ఇంటికి తీసుకెళితే ఆ గుడ్డు పెద్దపిల్లాడి కంచంలోకి పోతుందని ఆడవాళ్లందరికీ తెలుసు. కానీ పగటిపూట ఇంటిపట్టున ఉండే మనిషిని తలచుకుని పెట్టిన వేళ అది. ఇళ్లల్లో పనిచేసే మనిషికి, అమీర్‌పేట బట్టల కొట్లో పొద్దస్తమానం నిలబడే అమ్మాయికి ఆ వేళ కుదరదు.

ఒక్క పూట తిండితో ఏమవుతుందిలే అనుకోవద్దు. ఇక్కడ మెట్రో ఎక్కితే అదే లైన్లో వచ్చే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఆ సంస్థ 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గర్లోని 29 పల్లెల్లో ఒక అధ్యయనం చేసింది. 15 ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా రోజూ పెట్టారు. తల్లికి దాదాపు 500 కేలరీలు, పిల్లలకు అందులో సగం. తక్కిన 14 ఊళ్లకు ఆ ఉప్మా పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యాక మళ్లీ వెతికి పట్టుకుని కొలిచారు. ఉప్మా పెట్టిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువున్నారు, రక్తనాళాలు మెరుగ్గా ఉన్నాయి. 2016లో వచ్చిన మరో విశ్లేషణ వాళ్ల చదువు చూసింది. బడిలో కొనసాగుతున్నవాళ్లు ఎక్కువ, చదివిన తరగతులు సగటున 0.84 ఎక్కువ. అంటే ఇంచుమించు ఒక క్లాసు. మార్కుల్లో మాత్రం తేడా కనిపించలేదు, ఆ సంగతి దాచను. ఊళ్లను చీటీలు వేసి ఎంచలేదు కాబట్టి అంతా ఉప్మా మహిమే అని కూడా అనను. అయినా ఒక ఉప్మా గిన్నె మీద అంతకంటే ఏం ఆశిస్తాం? బడి మానకుండా నిలబడటం చిన్న సంగతా?

బిడ్డ మెదడుకు పునాది పడేది నెల తప్పిన సంగతి తల్లికి తెలిసేలోపే. మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం 28 రోజుల్లో మూసుకుంటుంది. ఫోలిక్ యాసిడ్ కావలసింది అప్పుడు. పుట్టాక తొలి నాలుగైదు నెలలకు సరిపడా ఇనుమును బిడ్డ కడుపులో ఉండగానే, చివరి మూడు నెలల్లో తల్లి ఒంట్లోంచి తీసుకుని దాచుకుంటుంది. తల్లికే లేకపోతే? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ గర్భిణుల్లో 53.2 శాతం మందికి రక్తహీనత. ఐదేళ్లలోపు పిల్లల్లో అయితే 70 శాతం. రెండేళ్లు నిండేసరికి పిల్లల మెదడు పెద్దవాళ్ల మెదడులో 80 శాతం దాకా పెరిగిపోతుంది. రేపు అమీర్‌పేట మైత్రీవనం దగ్గరి కోచింగ్ సెంటర్లలో ఏ కోర్సు ఎంత ఫీజు కట్టి నేర్చుకున్నా, ఆ చదువు ఎక్కాల్సింది అప్పుడు కట్టుకున్న మెదడుకే.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. నగరంలోని బస్తీ అంగన్‌వాడీల్లో పొద్దున ఆరింటికి గుడ్డు, పాలు, వేడివేడిగా ఏదైనా ఒక టిఫిన్ పెట్టండి. లేదా సాయంత్రం ఐదింటికి అన్నం పెట్టండి. పేరు ఒక సెంటర్లో ఉన్నా, పనిచేసే చోటుకు దగ్గరున్న సెంటర్లో తిననివ్వండి. ఇందుకు టీచర్‌కో ఆయమ్మకో పని గంటలు పెరిగితే, ఆ గంటలకు జీతమూ పెంచాలి. వాళ్లూ ఆడవాళ్లే.

ఇక మన వంతు. ఆమె ఒట్టి మనిషి కాదని తెలిసీ, రాత్రి మిగిలిన కూర కవర్లో కట్టిచ్చి సరిపెట్టుకుంటున్నాం. నేనూ ఇన్నాళ్లూ అదే చేశాను. ఇప్పుడు మా మూడిళ్ల వాళ్లం వంతులు వేసుకున్నాం. ఎనిమిదింటికి మొదటింట్లో టిఫిన్, పదకొండున్నరకు మా ఇంట్లో పప్పన్నం, గుడ్డు, చివర్లో నిమ్మకాయ పిండిన మజ్జిగ. చాయ్ గంటన్నర తర్వాతే. మాత్ర రాత్రి అన్నం తిన్నాక వేసుకోమన్నాను.

మొదటి రోజు ఆమె గుడ్డు తినకుండా పక్కన పెట్టుకుంది. ఇంట్లో నాలుగేళ్ల కొడుకున్నాడు. వాడి కోసం ఇంకో గుడ్డు ఉడకేసి చేతిలో పెట్టాక గాని నోట్లో పెట్టుకోలేదు.