ఐదున్నర కిలోమీటర్ల దూరం

హైదరాబాదు నడిబొడ్డు నుంచి శంషాబాదు విమానాశ్రయానికి రైలు ఏ దారిన వెళ్లాలన్న విషయమై కోడుమూరులో కూర్చుని వ్యాసం రాయడమేమిటని కొందరు అడగవచ్చు. హంద్రీ ఒడ్డున ఉన్న మా ఊరికి రైలు లేదు. కర్నూలు–మంత్రాలయం మార్గం కోసం దశాబ్దాలుగా వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నాము. అటువంటి వారికి పరాయి రాష్ట్ర రాజధాని మెట్రోతో పనేమిటి?

పని ఉన్నది. ఓర్వకల్లులో 2021 మార్చిలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం ప్రారంభమైంది. కడప విమానాశ్రయం 2015లోనే ప్రారంభమైంది. కానీ కువైట్‌కు, దమ్మామ్‌కు, జిద్దాకు పోవలసిన మన బిడ్డలకు ఆ రెండూ ఉపయోగపడలేదు. వారు శంషాబాదుకో, బెంగళూరుకో, మద్రాసుకో పోవలసిందే. ఉమ్రాకు వెళ్లే వృద్ధ దంపతులదీ అదే దారి. కర్నూలు ప్రాంతపు ముస్లిం కుటుంబాలలో శంషాబాదు గేటు ముందు కన్నీరు పెట్టని తల్లి ఉన్న ఇల్లు తక్కువ. తుఫాను బండి మాట్లాడుకుని పది పన్నెండు మంది కిక్కిరిసి పోతారు. బండి బాడుగ ఇవ్వలేనివారు కర్నూలులో బస్సెక్కి, అర్ధరాత్రి శంషాబాదులో రహదారి పక్కన సామానుతో దిగి, ఆటోవాడు అడిగినంత ఇచ్చి లోపలికి పోతారు. ఇది మన ప్రయాణం. కనుక ఆ విమానాశ్రయానికి రైలు ఎవరి కోసం వేస్తారన్నది మనకూ సంబంధించిన ప్రశ్నే.

శంషాబాదు విమానాశ్రయం 2008 మార్చిలో తెరుచుకుంది. మరుసటి సంవత్సరం మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11 కిలోమీటర్లకు పైబడిన ఎక్స్‌ప్రెస్ వంతెనను కార్ల కోసం నిర్మించారు. బాహ్య వలయ రహదారి వచ్చింది. ఏసీ పుష్పక్ బస్సులు వచ్చాయి. రైలు మాత్రం రాలేదు. పాత బస్తీకి మెట్రో రావలసి ఉండినా అదీ రాలేదు. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా వరకు అని కాగితంపై ఉన్న రెండవ మార్గం, 2020 ఫిబ్రవరిలో ఇమ్లీబన్ వద్దకు చేరి ఆగిపోయింది. అక్కడి నుంచి ఫలక్‌నుమాకు మిగిలినది ఐదున్నర కిలోమీటర్లు. మూసీ దాటవలసిన చోట పట్టాలు నిలిచిపోయాయి.

ఆ ఐదున్నర కిలోమీటర్లకు ఏళ్ల తరబడి డబ్బు లేదన్నారు, అనువైన దారి లేదన్నారు, గుత్తేదారు సంస్థ ఒప్పుకోవడం లేదన్నారు. అదే కాలంలో 2022 డిసెంబరు 9న నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు రాయదుర్గం వద్ద విమానాశ్రయ ఎక్స్‌ప్రెస్ మెట్రోకు శంకుస్థాపన చేశారు. 31 కిలోమీటర్లు, 6,250 కోట్ల రూపాయలు. కేంద్రం ఇవ్వకున్నా రాష్ట్రమే భరిస్తుందని ప్రకటించారు. ఆ దారిని ఒకసారి పటంలో చూడండి: రాయదుర్గం, ఖాజాగూడ, నానక్‌రాంగూడ, నార్సింగి, అక్కడి నుంచి వలయ రహదారి వెంబడి శంషాబాదు. అద్దాల మేడలలో కొలువు చేసేవారి ముంగిట బయలుదేరి, పాత నగరాన్ని ఎక్కడా తాకకుండా, చుట్టూ తిరిగి పోయే దారి అది. ఐదున్నర కిలోమీటర్లకు లేని ధనం 31 కిలోమీటర్లకు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగినవారు అప్పుడు చాలా తక్కువ. మన ప్రతినిధులలో ఎంతమంది అడిగారో పాఠకులకు తెలియనిది కాదు.

ప్రభుత్వం మారాక ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ దారిని పక్కన పెట్టారు. నాగోలు నుంచి ఎల్బీ నగర్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా విమానాశ్రయం వరకు 36.8 కిలోమీటర్లు, ఇమ్లీబన్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్లు, రెండూ చాంద్రాయణగుట్టలో కలిసేటట్లు కొత్త ప్రణాళిక వచ్చింది. 2024 మార్చి 8న ఫలక్‌నుమా వద్ద పాత బస్తీ మార్గానికి శంకుస్థాపన జరిగింది. ఈ మార్పు న్యాయమైనదని చెప్పడానికి నాకు సంకోచం లేదు. విమానాశ్రయానికి పోయే రైలు పాత నగరం నడుమ నుంచి పోవడమే సబబు. ఎవరు చేసినా మంచిని మంచి అనవలసిందే.

అయితే శంకుస్థాపన రాళ్లు చూసి మురిసిపోయే వయసు మన సమాజానికి దాటిపోయింది. రెండవ దశలోని ఐదు మార్గాలకు 24,269 కోట్లని అంచనా వేసి, 2024 చివర కేంద్రానికి నివేదిక పంపారు. అందులో కేంద్రం వాటా 18 శాతం, రాష్ట్రం వాటా 30 శాతం, మిగిలిన దానిలో అత్యధికం అప్పు. కేంద్రం తన 18 శాతాన్ని బిగపట్టుకుంటే మొదట కత్తెర ఏ మార్గంపై పడుతుందో ఊహించడం కష్టం కాదు. గతంలో ఒకసారి ఇమ్లీబన్ వద్ద ఆ కత్తెర పడనే పడింది. సచార్ కమిటీ 2006లోనే ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాలలో రోడ్లు, బస్సులు, బ్యాంకులు, బడులు కొరవడిన సంగతిని లెక్కలతో చెప్పింది. ఆ నివేదికను ఉటంకించని మైనారిటీ సభ ఉండదు, దానిని చదివి బడ్జెటు రాసిన అధికారి ఎక్కడున్నాడో తెలియదు.

ఇక పాత బస్తీ లోపలికి వద్దాము. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, అలీజా కోట్ల, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, శాలిబండ, శంషేర్‌గంజ్, అలియాబాద్. ఈ ఇరుకు బాటను 100 అడుగులకు వెడల్పు చేసి దానిపై స్తంభాలు లేపుతారు. సుమారు 1,100 ఆస్తులు పూర్తిగానో పాక్షికంగానో పోతాయి. మసీదులు, అషూర్‌ఖానాలు, దర్గాలు, ఆలయాలు, ఖబరస్తాన్లు, పురాతన కట్టడాలు కలిపి వందకు పైగా ఈ దారిలో ఉన్నాయి. స్తంభాల స్థానాలను సర్ది వీటిని కాపాడుతామని మెట్రో అధికారులు చెబుతున్నారు. వారసత్వ కట్టడాల విషయం 2025లో హైకోర్టు దాకా వెళ్లింది. ఇందులో ఒక విచిత్రం ఉన్నది. 1591లో ఈ నగరానికి రూపురేఖలు దిద్దాడని చరిత్రకారులు చెప్పే మీర్ మోమిన్ అస్తరాబాదీ నిద్రిస్తున్న దాయిరా కూడా ఈ బాట పక్కనే ఉన్నది. తాను వేసిన నగరంలో ఏ వీధి ఎంత వెడల్పుండాలో నాలుగు శతాబ్దాల తరువాత ఆయన సమాధి పక్కనే కొలుస్తున్నారు.

మత స్థలాల గురించి మన నాయకులు గట్టిగా మాట్లాడారు, మాట్లాడాలి కూడా. కానీ ఆ మాట దగ్గరే వారి గొంతు ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తున్నది. తొలి దశలో ఈ మార్గాన్నే మార్చాలని పట్టుబట్టినవారిలో మన వారూ ఉన్నారు. ఆ పేచీ నడిచినన్నాళ్లూ ప్రభుత్వానికి పని చేయకపోవడానికి సాకు దొరికింది. ‘మీరే వద్దన్నారు కదా’ అన్న మాట నేటికీ మన ముఖాన కొడుతున్నారు. మసీదు గోడను కాపాడుకుని, ఆ మసీదు ఎదుట అత్తరు, గాజులు, బర్ఖా బట్టలు అమ్ముకునే కిరాయిదారు ఏమైపోయాడో అడగకపోతే, రేపు ఆ మసీదులో నమాజు చేసేవారెక్కడ ఉంటారు?

కిరాయిదారు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దెబ్బ పడేది అతని మీదనే. ఆస్తి యజమానులకు చదరపు గజానికి 81,000 రూపాయలని ప్రభుత్వం నిర్ణయించి, 2025 జనవరి నుంచి చెక్కులు పంచసాగింది. అది తక్కువా ఎక్కువా అన్న తర్కం యజమానులకు వదిలేస్తాను. పాత బస్తీలో దుకాణం నడిపేవాడు అనేకచోట్ల యజమాని కాడు. తాత కాలంలో పగిడీ ఇచ్చి, నామమాత్రపు అద్దెకు, నోటిమాట ఒప్పందం మీద మూడు తరాలుగా కూర్చున్నవాడు. గజానికి ఇంత అని లెక్క కట్టినప్పుడు అతని చేతికి వచ్చేది ఏమిటి? 2013 నాటి భూసేకరణ చట్టం ‘బాధిత కుటుంబం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో, భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ కిరాయిదారులుగానో చేతివృత్తులవారుగానో పనివారుగానో ఉండి, దానిమీదనే ముఖ్యంగా బతికే కుటుంబాలు కూడా ఉన్నాయి. మంచిదే. కానీ అదే చట్టం రెండవ షెడ్యూలులో చిన్న వ్యాపారికి ఒకేసారి ఇచ్చే సాయం కనీసం 25,000 రూపాయలు అని రాసి ఉన్నది. కనీసం అన్న మాటను గరిష్ఠంగా చదివే అలవాటు మన కార్యాలయాలకు ఉన్నది. గజం నేలకు 81,000, ఆ నేలమీద గడిచిన జీవితానికి 25,000! ఈ తూకం ఒప్పుకోవడానికి వీలు లేదు. మెట్రో స్టేషన్ల కింద కట్టే దుకాణాలలో మొదటి హక్కు వీరికి ఉండాలి. వేలంపాటలో పాడుకోమని చెబితే వారికి చెప్పులు కుట్టుకునే చోటు కూడా దక్కదు.

విమానాశ్రయపు నేల కథ వేరొకటి ఉన్నది. మామిడిపల్లి వద్ద హజ్రత్ బాబా షర్ఫుద్దీన్ దర్గాకు చెందిన వక్ఫ్ భూమి విమానాశ్రయం కిందికి పోయిందన్న వివాదం ఆ విమానాశ్రయమంత పాతది. ఆ నేల మీద దిగే రైలు ఆ దర్గా దారిని తప్పించి తిరుగుతుందంటే నవ్వాలో ఏడవాలో తెలియని పరిస్థితి ఉండేది. కొత్త మార్గం ఆ వెక్కిరింతను కొంత తగ్గించింది. వక్ఫ్ లెక్క మాత్రం అలాగే ఉన్నది.

‘పాత బస్తీవారు టికెట్టు కొనరు, విమానం ఎక్కేవారు హైటెక్ సిటీలో ఉంటారు’ అన్నది ఎదుటివారి వాదన. ఢిల్లీలో ఈ వాదన పరీక్షకు నిలిచింది. 2011 ఫిబ్రవరిలో అక్కడి విమానాశ్రయ ఎక్స్‌ప్రెస్ మార్గాన్ని సూటుబూటు ప్రయాణికుల కోసమే ప్రైవేటు సంస్థ నడిపింది. ఛార్జీలు హెచ్చు, జనం తక్కువ. సాంకేతిక లోపాలతో 2012 జూలై నుంచి ఆరు నెలలు మూతపడింది. 2013 జూలైలో ఆ సంస్థ చేతులెత్తేస్తే ఢిల్లీ మెట్రో తన చేతిలోకి తీసుకుని, ఛార్జీలు తగ్గించుకుంటూ వచ్చింది, జనం పెరిగారు. మద్రాసులో 2016లో విమానాశ్రయానికి చేరిన మెట్రో ప్రత్యేక రైలేమీ కాదు, ఊరి జనం రోజూ ఎక్కే మామూలు రైలే. విమానాశ్రయంలో విమానమెక్కేవారు మాత్రమే ఉంటారా? ఊడ్చేవారు, సామాను మోసేవారు, వంటవారు, కావలివారు, ట్యాక్సీ నడిపేవారు ఎక్కడి నుంచి వస్తున్నారో ఉదయం ఐదింటికి ఆరాంఘర్ చౌరస్తాలో నిలబడితే తెలుస్తుంది. వారి నెల జీతంలో ప్రయాణ ఖర్చు ఎంత పోతున్నదో చూసి ఛార్జీ నిర్ణయించాలి.

ఇప్పుడు మన సీమ సంగతి. కర్నూలు నుంచి కాచిగూడకు పోయే రైలు గద్వాల, మహబూబ్‌నగర్, షాద్‌నగర్ దాటి ఉందానగర్, ఫలక్‌నుమాల మీదుగానే పోతుంది. ఉందానగర్ స్టేషను నుంచి విమానాశ్రయం కొద్ది కిలోమీటర్లే. ఎంఎంటీఎస్ రెండవ దశలో 2023 ఏప్రిల్‌లో ఫలక్‌నుమా నుంచి ఉందానగర్ దాకా లోకల్ రైలు వచ్చింది. దానిని విమానాశ్రయం వరకు పొడిగించాలన్న ఆలోచన ఏనాటి నుంచో ఉన్నా, ఇంతవరకు పట్టాలు అక్కడికి పోలేదు. బెంగళూరులో విమానాశ్రయం సమీపాన ఉన్న రైలు మార్గం మీద 2021 జనవరిలో ఒక చిన్న హాల్టు తెరిచారు. దిగినవారికి బస్సు పెట్టారు. పెద్ద ఖర్చు లేని పని. వేల కోట్ల మెట్రో ఎప్పుడు వస్తుందో రానీ, అంతవరకు కర్నూలు రైళ్లన్నీ ఉందానగర్‌లో ఆగి, అక్కడ ప్రతి రైలుకు ఒక బస్సు ఉంటే, కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని, నంద్యాల ప్రయాణికునికీ, ఫలక్‌నుమా కూలీకీ ఒకేసారి మేలు జరుగుతుంది. అర్ధరాత్రి రోడ్డు పక్కన సామానుతో నిలబడే అవస్థ తప్పుతుంది. ఈ కోరిక రైల్వే శాఖ ముందు పెట్టవలసింది మన పార్లమెంటు సభ్యులు, అడగవలసింది మనము. ‘అది తెలంగాణ విషయం’ అని వారు తప్పించుకుంటే, రైల్వే కేంద్రానిదని గుర్తు చేయాలి.

పాత బస్తీలో బంధువులున్న మన పాఠకులు చాలామంది. వారికి ఈ నెలలోనే ఫోను చేసి చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. దుకాణం కిరాయికి నడిపేవారు గత మూడు సంవత్సరాల కరెంటు బిల్లులు, అద్దె రసీదులు, వ్యాపార లైసెన్సు, బ్యాంకు ఖాతా వివరాలు, పగిడీ రాతకోతలు ఏవున్నా ఒకచోట చేర్చి నకళ్లు తీయించాలి. రసీదు ఇవ్వని యజమాని ఉంటే, ఇరుగుపొరుగు దుకాణదారుల సంతకాలతో ప్రమాణపత్రం రాయించుకుని, భూసేకరణ అధికారికి స్వయంగా ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోవాలి. మసీదుల, అషూర్‌ఖానాల ముతవల్లీలు వక్ఫ్ గెజిటు నకలు, సర్వే కొలతలు తీసి ఉంచుకోవాలి. కొలత వేయడానికి వచ్చినవారు అడిగిన తరువాత వెతకడం మొదలుపెడితే ఆలస్యమవుతుంది.