గట్టు జరిపినవారు



లోకంలోకెల్లా పెద్ద సరస్సు కాస్పియన్. దానిని సముద్రమనే పిలుస్తారు. మన రాష్ట్రంలో మంచినీటి సరస్సులన్నిటిలో పెద్దది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదను కడుపులో దాచుకొని, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి పంపుతుంది. దేవుడు నీటికిచ్చిన ఆ చోటులో మనుష్యులు చేపల చెరువులకు గట్లు వేశారు. 2006లో ప్రభుత్వం ఎన్నో గట్లు కొట్టించింది. నీటి చోటు మనం ఆక్రమిస్తే, నీరు మన ఇండ్లలో చోటు వెదకుతుంది.

మన సంగతేమిటి? ఏటేటా పార పట్టి పొరుగువాని గట్టు చెక్కి, ఒక మిరప సాలు, ఒక పత్తి సాలు కలుపుకొన్నవారు మనలో లేరా? ద్వితీయోపదేశకాండము 19:14 చదవండి. ప్రభువు బల్లకు వచ్చేముందు ఆ గట్టును పాత చోటనే వేయండి.